కూర్చోబెట్టి అడిగిన ప్రశ్న

ఎవరి కోసం

మా చెల్లెలి కూతురు శ్రావణికి ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేరబోయే ముందు నరసరావుపేటలో మా ఇంటికి వచ్చింది. భోజనం చేసి చేతులు కడుక్కుంటూ ఒక ప్రశ్న అడిగింది.

"మామయ్యా, పైవాళ్లకు మన మీద గౌరవం లేకపోతే ఏం చేయాలి? మా సీనియర్లందరూ అదే చెప్తన్నారు. జీతం బాగానే ఇస్తారంట, మనిషిగా మాత్రం చూడరంట."

నేను ఇంజనీరును. కొలతకు అందని ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు చేతకాదు. "గౌరవం లేదని దేన్నిబట్టి తేలుస్తారు?" అని ఎదురు ప్రశ్న వేశాను.

"నీతో ఇదే మామయ్యా. గౌరవం లేకపోతే తెలీదా ఏంది?" అని నవ్వి, తువ్వాలు నా భుజం మీద వేసి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లిన తర్వాత చాలాసేపు ఆలోచించాను. ఎలా తెలుస్తుంది? నా ఉద్యోగ జీవితమంతా ఒకే సిమెంటు ఫ్యాక్టరీలో గడిచింది. గురజాలకూ మాచర్లకూ మధ్య, సున్నపురాయి గనుల పక్కన ఉంటుందది. పేరు అవసరం లేదు. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి, వాటికోసం నింపిన కాగితాల గురించి రాయను. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. శ్రావణి ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఒక సమాధానం ఉంది. అది సిద్ధాంతం కాదు, కొన్ని కుర్చీల కథ. అదే రాస్తున్నాను.

పని నిజంగా ఏమిటి

ముందుగా కిల్న్ సంగతి చెప్పాలి. సున్నపురాయి పొడిని కాల్చే ఉక్కు గొట్టం అది. లోపల ట్రాక్టరు తోలుకుపోవచ్చు, అంత వెడల్పు. కాస్త వాలుగా పడుకోబెట్టి ఉంటుంది. రేయింబవళ్లు తన చుట్టూ తాను తిరుగుతూనే ఉంటుంది. లోపల పొడి పద్నాలుగు వందల యాభై డిగ్రీల దగ్గర కరిగీ కరగని ముద్దగా మారి, నల్లని గులకరాళ్లై కింది కొస నుంచి రాలుతుంది. ఆ వేడికి ఉక్కు నిలవదు. అందుకని గొట్టం లోపలి గోడ పొడవునా అగ్నిని తట్టుకునే ఇటుకలను వలయాలుగా కడతారు. ఎక్కడైనా ఇటుక ఊడితే, ఆ చోట బయటి ఉక్కు నిప్పులా ఎర్రబడుతుంది. దాన్ని రెడ్ స్పాట్ అంటాం. రెడ్ స్పాట్ వచ్చిందంటే కిల్న్ ఆపాలి, చల్లారనివ్వాలి, మనుషులు లోపలికి వెళ్లి మళ్లీ కట్టాలి. ఆగిన ప్రతి రోజూ కంపెనీకి నష్టమే.

ఇటుక వలయంలో ఆఖరున పెట్టేదాన్ని కీ ఇటుక అంటారు. అది సరిగ్గా కూర్చుంటేనే వలయం బిగుసుకుంటుంది. ఇంకా కొంచెం వదులుగా ఉంటే పలుచని ఉక్కు రేకు ఒకటి సందులోకి కొట్టవచ్చు. ఒక సందులో ఒకటే కొట్టాలి. రెండు కొడితే అవి వేడికి వంగి, ఒకదాని మీద ఒకటి జారి, వలయం మొత్తాన్ని వదులు చేస్తాయి. ఈ కథకు ఇంతమాత్రం సాంకేతిక జ్ఞానం చాలు.

కొలత పరికరాలు ఎన్ని ఉన్నా అవి ఏం జరిగిందో చెబుతాయి గాని, ఎందుకు జరిగిందో చెప్పవు. ఆ ఎందుకు అన్నది ఎప్పుడూ ఎవరో ఒక మనిషి దగ్గర ఉంటుంది. ఆ మనిషి నోటి నుంచి అది సకాలంలో బయటికి వచ్చేలా చూడటమే నా ఉద్యోగమని నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. కాలేజీలో ఈ పాఠం లేదు. నాకు ఇది విశ్వనాథం గారు నేర్పారు.

విశ్వనాథం గారి గది

నేను చేరినప్పుడు ఆయన మా ఫ్యాక్టరీ మేనేజరు. నోరు మంచిది కాదు. ఒరేయ్ అనకుండా ఆయన నోట వాక్యం మొదలయ్యేది కాదు. దున్నపోతా, అడ్డగాడిదా అన్నవి మామూలు పిలుపులు. ఈనాటి కొలతలతో చూస్తే ఆయన మీద వారానికొక ఫిర్యాదు వెళ్లేది. అయినా ఆయన పదవీ విరమణ చేసిన రోజున గేటు దగ్గర కంటతడి పెట్టని మనిషి లేడు. ఈ వైరుధ్యం నన్ను చాలాకాలం వేధించింది.

ఆయన గదిలో ఇనుప కుర్చీలు వరుసగా ఉండేవి. ఆ గదిలోకి ఎవరు వచ్చినా, ఆఫీసరైనా, కాంట్రాక్టు కూలీ అయినా, మొదట కూర్చోవాలి. "కూర్చో ముందు" అన్నది ఆయన తిట్ల కంటే ముందు వచ్చే మాట. తిట్టడం కూడా కూర్చోబెట్టే తిట్టేవారు.

ఒకసారి బొగ్గు మిల్లు దగ్గర నుంచి ఒక ఫిట్టరు వచ్చి, "సార్, బేరింగు వేడెక్కుతా ఉంది" అని గుమ్మం దగ్గరే చెప్పి తిరిగిపోబోయాడు.

"ఒరేయ్ దున్నపోతా, యాడికి? వచ్చి కూర్చో."

కూర్చున్నాడు. టీ వచ్చింది. విశ్వనాథం గారు ఏమీ అడగకుండా తన గ్లాసు ఊదుకుంటూ తాగారు. ఫిట్టరు తన గ్లాసు సగం తాగి, "సార్, పొద్దున గ్రీజు పెట్టింది నేనే. వేరే డబ్బాలోది పెట్టాననుకుంటన్నా" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో మిల్లు బతికింది. తర్వాత ఆ ఫిట్టరు తిన్న తిట్లు ఇక్కడ రాయదగినవి కావు. అవి కూడా అతను కూర్చునే తిన్నాడు.

అతను వెళ్లాక ఆయన నాతో, "నిలబడ్డవాడి కళ్లు తలుపు మీద ఉంటాయోయ్. వాడు సగమే చెబుతాడు. మిగతా సగం కావాలంటే కుర్చీ వెయ్యాలి" అన్నారు. నేను దీన్ని మర్యాదకు సంబంధించిన మాట అనుకోలేదు. ఇంజనీరింగ్ సూత్రంగానే రాసుకున్నాను.

ఎలమంద ఉద్యోగంలో చేరిన రోజున కూడా నేను ఆ గదిలోనే ఉన్నాను. కారంపూడి పక్కన పల్లె వాళ్లది. తండ్రి ఒక ఆసామి దగ్గర జీతగాడు. ఏడాదికింత అని మాట్లాడుకుని పనిచేసిన మనిషి. ఎలమంద లోపలికి వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఏరా, గోడ పడిపోతుందనా, ఆనుకుని నిలబడ్డావు? వచ్చి కూర్చో" అన్నారు విశ్వనాథం గారు.

ఎలమంద కుర్చీ అంచు మీద, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. ఆ కుర్రవాడే పెరిగి మా ఇటుకల ఫోర్‌మన్ అయ్యాడు. కిల్న్ లోపల ప్రతి వలయం ఆయన చేతి మీదుగానే తయారయ్యేది. నాకంటే కొద్ది నెలలే చిన్న. నన్ను సార్ అనేవాడు. నేను పేరు పెట్టి పిలిచేవాణ్ణి. మా స్నేహం ఆ హద్దుల్లోనే ఉండేది, చాలా గట్టిగా ఉండేది.

కుర్చీలు పోయాయి

నా సర్వీసు చివరి సంవత్సరాల్లో కంపెనీ చేతులు మారింది. దేశమంతటా ఫ్యాక్టరీలున్న పెద్ద సంస్థ మమ్మల్ని కొన్నది. యూనిట్ హెడ్‌గా రఘురామ్ గారు వచ్చారు. నలభై దాటి ఉంటాయి. చాలా చదువుకున్నవాడు. ఎవరినీ ఒరేయ్ అనలేదు, గొంతు పెంచలేదు. స్వీపరును కూడా గారు అని పిలిచేవారు. న్యాయంగా చెప్పాలంటే ఆయన వచ్చాక మంచి పనులు జరిగాయి. తాగునీరు మారింది. కాంట్రాక్టు వాళ్లకు కూడా మంచి బూట్లు వచ్చాయి. దుమ్ము తగ్గింది.

అయినా ఆరు నెలలు తిరగకముందే ఫ్యాక్టరీలో ఒక చెడ్డ నిశ్శబ్దం వచ్చింది. జనం పని చేస్తున్నారు గాని మాట్లాడటం లేదు. టీ కొట్టు దగ్గర అడిగితే, "ఏం సార్, మనల్ని ఎవరు లెక్కచేస్తన్నారు?" అనేవారు. ఎవరేమన్నారని అడిగితే ఎవరూ ఏమీ అనలేదనేవారు.

హెడ్డాఫీసు నుంచి రకరకాల పథకాలు వచ్చేవి. నెలకొక ఉత్తమ ఉద్యోగిని ఎంపిక చేసి, పెద్ద ఫోటో ఫ్రేము కట్టించి క్యాంటీన్ గోడకు తగిలించాలన్నారు. మొదటి నెల ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే కోటేశ్వరరావు ఫోటో ఎక్కింది. మధ్యాహ్నానికల్లా అతని జట్టువాళ్లు ఫోటో ముందు చేతులు కట్టుకుని తలలు వంచి నిలబడ్డారు. "మంచోడు. మొన్నటిదాకా మనతోనే తిన్నాడు. దండెప్పుడేస్తారో కనుక్కోండి రా" అన్నాడు ఒకడు. కోటేశ్వరరావు భార్యకు ఈ సంగతి తెలిసి, ఫోటో తీసేదాకా భర్తను డ్యూటీకి పంపనన్నది. తీసేశారు. ఆ ఫోటో ప్రేమగానే పెట్టారు. బతికున్న మనిషి ఫ్రేము గోడకెక్కితే ఇక్కడివాళ్లకు ఏం గుర్తొస్తుందో పెట్టినవాళ్లకు తెలియదు, అంతే.

కుర్చీల సంగతీ అలాంటిదే. ఉదయం జరిగే సమీక్ష సమావేశంలో ఎవరూ కూర్చోకూడదని పైనుంచి పద్ధతి వచ్చింది. నిలబడితే సమావేశం త్వరగా ముగుస్తుంది. అదీగాక పెద్దా చిన్నా తేడా లేకుండా అందరూ సమానంగా ఉంటారు. విశ్వనాథం గారి ఇనుప కుర్చీలు స్టోరు వెనక షెడ్డులోకి వెళ్లాయి. గదిలో ఒక తెర మిగిలింది. దానిమీద సెక్షన్ల పేర్లు, ఆలస్యమైన పనులు. రఘురామ్ గారు కూడా మాతోపాటు నిలబడేవారు. అందులో ఆయనకు నిజమైన గర్వం ఉండేది. "ఇక్కడ అందరం ఒకటే" అనేవారు.

మా ప్రాంతంలో ఎవరు ఎవరి ముందు నిలబడతారో ఆయనకు తెలియదు. పంచాయతీలో తప్పు చేసినవాడు నిలబడతాడు. కోర్టులో ముద్దాయి నిలబడతాడు. ఆసామి అరుగు మీద కూర్చుంటే జీతగాడు కింద నిలబడతాడు. 'వాణ్ణి నిలబెట్టి అడిగారు' అంటే ఆ మనిషి ఊళ్లో తల ఎత్తుకోలేడని అర్థం. కుర్చీలు తీసేసిన గదిలో రోజూ పొద్దున ఫోర్‌మన్లందరికీ అదే జరుగుతోంది. నేను రఘురామ్ గారికి రెండుసార్లు చెప్పిచూశాను. ఆయన శ్రద్ధగా విని, "కొద్ది రోజుల్లో అలవాటవుతుంది" అన్నారు. వాళ్ల బాధంతా నిలబడలేని కాళ్ల నొప్పి అనుకున్నారాయన.

రెడ్ స్పాట్

మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో కిల్న్ మీద రెడ్ స్పాట్ పడింది. ఇటుకలు కట్టి ఎంతో కాలం కాలేదు, ఏడాది నిలవవలసినవి. కిల్న్ ఆపాం. చల్లారుతుండగా మరునాటి సమావేశానికి ఎలమందను పిలిచారు. అన్ని సెక్షన్ల వాళ్లూ గోడల వెంట నిలబడి ఉన్నారు. తెర మీద ఎర్రటి మచ్చ ఫోటో పెద్దది చేసి పెట్టారు.

రఘురామ్ గారు చేతి గడియారం చూసుకుని, మర్యాదగానే అడిగారు. "ఎలమంద గారూ, రెండు నిమిషాల్లో చెప్పండి. ఇటుక పని సరిగ్గా జరిగిందా, లేదా?"

ఎలమంద తెర వంక చూశాడు, తర్వాత నేల వంక చూశాడు. "కూర్చోబెట్టి అడగండి సార్, చెప్తా" అన్నాడు.

రఘురామ్ గారికి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "ఇక్కడ ఎవరూ కూర్చోవడం లేదు కదండీ. నేనూ నిలబడే ఉన్నాను" అన్నారు.

"మీరు నిలబడ్డారు సార్. మమ్మల్ని నిలబెట్టారు."

ఆ మాట అని, తలకున్న హెల్మెట్ తీసి కిటికీ గూట్లో పెట్టి, ఎలమంద బయటికి నడిచాడు. మెట్లు దిగుతున్న చప్పుడు అందరికీ వినబడింది. మరునాడు డ్యూటీకి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఉద్యోగం మానుకుంటున్నానని సెక్షన్ గుమాస్తాకు ఫోన్ చేసి చెప్పాడు. ఆఫీసు వాళ్లు సంజాయిషీ నోటీసు తయారు చేశారు. రిటైర్మెంటుకు ఇక ఏడాదిన్నర కూడా లేని మనిషి, పైఅధికారిని ధిక్కరించి పారిపోయినవాడిగా రికార్డుల్లో మిగలబోతున్నాడు. అంత కాలం పనిచేసినందుకు ఆయన పేరు మీద ఉండబోయే చివరి వాక్యం అది.

కల్లం దగ్గర

నోటీసు పోస్టులో వెళ్లకముందే నేను కారంపూడి బస్సెక్కాను. ఎలమంద ఇంట్లో లేడు, కల్లం దగ్గర ఉన్నాడు. ఉద్యోగపు సంపాదనతో కొనుక్కున్న ఎకరన్నర చేను. టార్పాలిన్ పట్టాల మీద మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. భార్య నాగేంద్రమ్మ తెల్లబోయిన తాలుకాయలు ఏరుతూ నన్ను చూసి లేచింది.

"రా అన్నయ్యా. మీ ఫోర్‌మన్ గారు ఇక్కడే ఉన్నారు. కుర్చీ ఇవ్వలేదని కంపెనీనే వదిలేసిన మారాజు. మా ఇంట్లో మూడు కుర్చీలున్నయ్, ఏ ఒక్కదాంట్లోనన్నా నిలకడగా కూర్చుంటే ఒట్టు."

"ఏమే, నువ్వు ఊరుకో" అన్నాడు ఎలమంద.

"ఊరుకోక ఏం చేస్తా? మూడు రోజుల్నుంచి కాయలు ఏరమంటే మంచియ్యి తాల్లో, తాలు మంచివాట్లో ఏస్తన్నాడు అన్నయ్యా. ఇట్టాగైతే మిర్చి యార్డులో మమ్మల్ని కొట్టి పంపిస్తారు."

ఆమె మజ్జిగకు వెళ్లింది. నేను నులకమంచం మీద కూర్చున్నాను. ఎలమంద కాసేపు మిరపకాయలు కాలితో కలియబెడుతూ తిరిగాడు. నేనేమీ అడగలేదు. నేర్చుకున్న పద్ధతి అదే కదా. కాసేపటికి వచ్చి మంచం రెండో చివర కూర్చున్నాడు.

"సార్, ఇటుక తప్పు నాదే."

నేను విన్నదాన్ని నమ్మలేకపోయాను.

"సన్న సైజు కీ ఇటుక స్టోర్లో అయిపోయింది. తెప్పిద్దామంటే కిల్న్ ఇంకా ఎక్కువ రోజులు ఆగిపోద్ది. ఆ ఒక్క వలయంలో ఒకే సందులో రెండు రేకులు కొట్టనిచ్చా. కూడదని తెలుసు. నిలుస్తదేమో అనుకున్నా. నిలవలా."

"మరి ఆ మాట అక్కడే చెప్పేస్తే సరిపోయేది కదా ఎలమందా?"

"చెప్దామనే వచ్చా సార్. రాత్రంతా అనుకుని, మాటలు కూడబలుక్కుని వచ్చా. తీరా అందరూ గోడలెంబటి, ఆ మధ్యన బొమ్మ, నేను బోనులో ఉన్నట్టు." కాళ్లకంటిన మిరప గింజలు దులుపుకున్నాడు. "మా నాయన ఆ ఆసామి అరుగు ముందర నిలబడే బతికాడు. తప్పు ఆయనదైనా కాకపోయినా నిలబడే అవునయ్యా అనేవాడు. నిలబెట్టినకాడ తప్పొప్పుకుంటే దొంగలాగుంటది సార్. కూర్చుని ఒప్పుకుంటే మనిషిలాగుంటది. నాకు శిక్షంటే భయం లేదు."

నాగేంద్రమ్మ మజ్జిగ గ్లాసులు పెడుతూ, ఇందాకటి ఎగతాళి లేకుండా అన్నది. "తప్పు చేశానని ఆ రోజే నాకు చెప్పాడన్నయ్యా. అన్నం తినలా."

ఇన్నేళ్ల ఉద్యోగంలో గౌరవం అనే మాటకు ఇంతకంటే కచ్చితమైన నిర్వచనం నాకు దొరకలేదు. గౌరవం ఒప్పు చేసినవాడికి ఇచ్చే బహుమానం కాదు. తప్పు చేసినవాడికి అది ఇంకా ఎక్కువ అవసరం. అతను నిజం చెప్పాలంటే కాళ్ల కింద నేల ఉండాలి.

అతిథి

తిరిగి వెళ్లి రఘురామ్ గారిని కలిశాను. ఎలమంద నాతో చెప్పిన సంగతి చెప్పలేదు. అది ఎలమంద నోటే రావలసిన మాట. "కిల్న్ ఎందుకు ఆగిందో మీకు తెలియాలంటే నాతో ఒక పల్లెకు రావాలి" అని మాత్రమే అన్నాను. ఆయన నా ముఖం చూసి, ఏమనుకున్నారో, "కారు తీయమంటాను" అన్నారు.

దారిలో ఒకే ఒక మాట అడిగారు. "నేను ఆయన్ని ఏమన్నాను? నిజంగా గుర్తురావడం లేదు." ఆ ప్రశ్నలో అబద్ధం లేదు. ఆయన మీద నాకు ఇష్టం మొదలైంది అప్పుడే.

కల్లంలో అడుగుపెట్టగానే మిరప ఘాటుకు ఆయనకు తుమ్ములు పట్టుకున్నాయి. ఒకదాని వెంట ఒకటి, కళ్లనీళ్లు కారేదాకా. దేశంలోని పెద్ద సిమెంటు సంస్థ ప్రతినిధి చేతిరుమాలు వెతుక్కుంటూ నిలబడి ఉంటే నాగేంద్రమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి బాబూ, ముందు కూర్చోండి. మా కాయకు కొత్తోళ్లంటే పడదు. ఈ నీళ్లు తాగండి, మాటలు తర్వాత."

ఆయన కూర్చున్నారు. ఎదురుగా, తన సొంత చేలో, ఎలమంద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి వచ్చిన అతిథి కూర్చున్నప్పుడు ఇంటాయన నిలబడటం ఇక్కడి మర్యాదే. కానీ రఘురామ్ గారు నీళ్లు తాగుతూ తలెత్తి చూసినప్పుడు, తాను కూర్చుని ఉండటం, తనకంటే పదిహేనేళ్లు పెద్ద మనిషి ఎండలో తన ముందు నిలబడి ఉండటం ఆయనకు కనబడింది. గ్లాసు మధ్యలోనే ఆగింది. తుమ్ములతో ఎర్రబడ్డ ఆయన ముఖం మరికాస్త ఎర్రబడింది.

లేచారు. "మీరు కూర్చోకపోతే నేనూ కూర్చోను" అన్నారు.

"మా ఇంటికొచ్చారు, మీరు కూర్చోవాలి సార్."

"అయితే ఇద్దరం."

"ఇద్దరూ ఎండలో నిలబడి ఎవరు ముందని వాదించుకుంటారా ఏంది? అన్నయ్యా, నువ్వన్నా చెప్పు" అన్నది నాగేంద్రమ్మ. మంచం నీడలోకి జరిపాం. ముగ్గురం కూర్చున్నాం.

ఎలమంద నాతో చెప్పినట్టే చెప్పాడు. రెండు రేకుల సంగతి, స్టోరు సంగతి, నిలుస్తుందనుకున్న సంగతి. మధ్యలో రఘురామ్ గారు జేబులో నుంచి ఫోన్ తీయబోయి, ఎందుకో మళ్లీ పెట్టేశారు. గడియారం చూడలేదు. అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగారు. కొన్ని గట్టిగానే అడిగారు. ఎలమంద తప్పించుకోకుండా జవాబు చెప్పాడు. ఆఖరున రఘురామ్ గారు, "మీకు లిఖితపూర్వకంగా హెచ్చరిక ఇవ్వాల్సి ఉంటుంది" అన్నారు.

"అది న్యాయమే సార్."

"స్టోరు వాళ్లను కూడా అడుగుతాను. కీ ఇటుక లేకుండా పని మొదలుపెట్టనివ్వడం వాళ్ల తప్పు, నా తప్పు కూడా." ఎలమంద వైపు తిరిగారు. "లోపల ఇటుకలు మళ్లీ కట్టాలి. మీరు లేకుండా మొదలుపెట్టను."

ఎలమంద కంటే ముందే నాగేంద్రమ్మ చెప్పింది. "రేపు పొద్దున బస్సుకే వస్తాడు బాబూ. ఆయన ఏరిన కాయలు నేను మళ్లీ ఏరుకోలేక చస్తన్నా."

ఆ హెచ్చరిక ఫైల్లో చేరింది. ధిక్కారం గురించిన నోటీసు మాత్రం టైపు చేసిన చోటే ఆగిపోయింది. గౌరవమంటే తప్పును వదిలేయడమని కొత్తగా చేరే పిల్లలు కొందరు అనుకుంటారు. విశ్వనాథం గారు తిట్టారు, రఘురామ్ గారు రాసి ఇచ్చారు. రెంటినీ జనం తీసుకున్నారు. వాళ్లు తీసుకోలేనిది ఒక్కటే: తమ మాట రెండు నిమిషాలకు మించి విలువ చేయదని తెలియడం.

షెడ్డులో నుంచి

ఆ వారంలోనే ఇనుప కుర్చీలు షెడ్డులో నుంచి తిరిగి వచ్చాయి. హెడ్డాఫీసు పద్ధతి మాత్రం మారలేదు. నిలబడి జరిపిన సమావేశం ఫోటో ప్రతి నెలా పంపాలి. అందుకని నెలకొకసారి అందరం ఫోటో కోసం లేచి నిలబడేవాళ్లం. ఫోటో తీసేవాడు "ఇక కూర్చోండి సార్" అనేదాకా రఘురామ్ గారు నవ్వు ఆపుకునేవారు. హెడ్డాఫీసు పెద్దలు స్వయంగా వచ్చిన రోజున కుర్చీలు వరండాలోకి వెళ్లేవి. వాళ్ల కారు గేటు దాటగానే లోపలికి వచ్చేవి. సంస్థలు అలాగే ఉంటాయి. పైనున్న పద్ధతి మారేదాకా ఆగనక్కరలేదు, మన గది మన చేతుల్లో ఉంటుంది.

సమావేశాలు మునుపటికంటే పొడుగయ్యాయి. కిల్న్ ఆగడం తగ్గిందా అంటే, ఒక్క కుర్చీల వల్లే తగ్గిందని నేను చెప్పను; రుజువు లేని మాట నేను రాయను. కానీ టీ కొట్టు దగ్గర ఆ చెడ్డ నిశ్శబ్దం పోయింది. మళ్లీ యాజమాన్యాన్ని బాహాటంగా తిట్టుకోవడం మొదలుపెట్టారు. అది ఆరోగ్యానికి గుర్తు.

ఎలమంద చివరి పనిదినాన నేను ప్రత్యేకంగా వెళ్లాను. అప్పటికి నేను రిటైరై కొద్ది నెలలైంది. ఆ పొద్దున సమావేశానికి ప్యాకింగ్ నుంచి, గని నుంచి, వర్క్‌షాపు నుంచి కూడా జనం వచ్చి కుర్చీలన్నీ నింపేశారు. ఎలమంద ఎప్పటిలాగే కిల్న్ చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు తుడుచుకుంటూ అందరికంటే ఆఖరున వచ్చాడు. గుమ్మంలో ఆగి, ఖాళీ లేదని చూసి, గోడ వైపు నడిచాడు.

రఘురామ్ గారు లేచి, తన కుర్చీ తిప్పి ఆయన ముందు పెట్టారు. అది ఇనుప కుర్చీ కాదు, మెత్తటిది, చక్రాలది. తాను వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఎలమంద మొహమాటపడలేదు. ఒకప్పుడు విశ్వనాథం గారి గదిలో అంచు మీద కూర్చున్న మనిషి, ఈసారి వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నాడు. అటూ ఇటూ కదిలి చూశాడు.

"చానా మెత్తగా ఉంది సార్. దీంట్లో నాకైతే నిద్దరొచ్చేసేది. మీరెట్టా మేలుకోని ఉంటన్నారో."

గది అంతా నవ్వింది. నవ్వులు ఆగేదాకా ఉండి, గోడ దగ్గర నుంచి రఘురామ్ గారు అన్నారు.

"ఇక చెప్పండి ఎలమంద గారూ. తొందరేం లేదు."